చుక్కలు చూపించిన సెట్టు

మచిలీపట్నంలో ముసురు పట్టిన అక్టోబరు సాయంత్రం. మాస్టారు స్విచ్ నొక్కారు. డిస్‌ప్లేలో అంకెలు రావాల్సిన చోట వరసగా చుక్కలు. ఒక్క స్టేషనూ పలకలేదు.

"పోయిందా మాస్టారూ?" శిష్యుడి గొంతు వణికింది.

"పోలేదురా. లాకు తప్పింది."

అది కెన్‌వుడ్ టీఎస్-440. 1980ల నాటి 100 వాట్ల హామ్ రేడియో సెట్టు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కళ్లారా చూసిన మనిషి మాస్టారు. తుపాన్ల కాలంలో సెట్టు మూగబోతే ఆయనకు అన్నం సహించదు. తీగలు తెగిన రాత్రి కబురు చేరే దారి గాలిలోనే అని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పవర్ సప్లై చూశారు. 13.8 ఓల్టులు, సరిగ్గా ఉంది. లోపలి రెగ్యులేటర్లూ బాగానే ఉన్నాయి. ఇక అనుమానం వీసీఓ మీదే. ఓల్టేజీని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చుకునే ఆసిలేటర్ అది. ఆ ఓల్టేజీని పీఎల్ఎల్ సర్క్యూట్ క్షణక్షణం సరిదిద్దుతుంటుంది. దాని వల్ల కానప్పుడు లాకు తప్పుతుంది, సెట్టు అంకెలు తీసేసి చుక్కలు పెడుతుంది.

టెస్ట్ పాయింట్ మీద మీటరు పెట్టారు. ఓల్టేజీ ఒక కొసకు పోయి అక్కడే ఉండిపోయింది.

"డయోడ్ మార్చేద్దామా?"

"ఆగు. ముందు ఆ జిగురు చూడు."

భాగాలు అదరకుండా ఫ్యాక్టరీలో పోసిన జిగురది. కొత్తలో కరెంటును పారనివ్వదు. ఏళ్లు గడిచేకొద్దీ తేమ పీల్చి కొద్దికొద్దిగా పారనిస్తుంది, భాగాల కాళ్లను తినేస్తుంది. వీసీఓలోని వేరాక్టర్ డయోడ్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. అందుకే పిసరంత లీకేజీ చాలు, ఫ్రీక్వెన్సీ జారిపోవడానికి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇక చెప్పాలా!

వేడిగాలితో మెత్తబరిచి, వెదురుపుల్లతో ఓపిగ్గా గీకారు. అడుగున ఓ కెపాసిటర్ కాలు పచ్చగా చిలుమెక్కి ఉంది. పుల్ల తగలగానే విరిగింది. దాన్నీ, పక్కనున్న రెసిస్టర్‌నీ మార్చారు. తర్వాత ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్ మెల్లగా తిప్పారు. ఇనుపది వాడితే అది దగ్గరకు రాగానే ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన ఓల్టేజీ దగ్గర మీటరు నిలబడింది.

డిస్‌ప్లేలో 7.050 వెలిగింది. "సీక్యూ, సీక్యూ" అని, వింటున్నవాళ్లెవరైనా పలకమని పిలిచారు మాస్టారు. రాజమండ్రి నుంచి జవాబొచ్చింది.

మీ ఇంట్లోనో, మీ కాలేజీ క్లబ్బులోనో ఇలాంటి సెట్టు చుక్కలు చూపిస్తుంటే దయచేసి పాత సామాన్లకు వేసేయకండి. మూత విప్పి ముందు జిగురు చూడండి.