గాజుతొట్టి పగడాలు: నూట ఎనభై ఏళ్ల ఏరివేత

మనకు పగడమంటే కుజుడి పేరు చెప్పి ఉంగరంలో పొదిగించుకునే ఎర్ర రాయి. అది మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జీవి అస్థిపంజరమని ఉంగరం చేసేవాడు చెప్పడు, మనమూ అడగం. బతికున్న పగడాన్ని ఇంట్లో పెంచిన తొలి ప్రయత్నాల్లో బాగా నమోదైనది విక్టోరియా రాణి కాలపు లండన్‌లో జరిగింది. 1846లో ఆనా థిన్ అనే మతాధికారి భార్య ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి కొన్ని రాతి పగడాలను జాడీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. సముద్రపు నీరు లండన్‌కు తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఉన్న నీటినే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి రోజూ అరగంటకు తక్కువ కాకుండా పనిమనిషి చేత పోయించేది. గాలి పంపు లేని రోజుల్లో ఆ పనిమనిషి చేతులే పంపు. పగడాలు బతికాయి. అవి చల్లటి నీటివి, ఎండతో పని లేనివి, పెట్టింది తిని సర్దుకునేవి కావడం థిన్ అదృష్టం.

అదే కాలంలో ఎడిన్‌బరోలో పగడాలకు దగ్గరి చుట్టమైన ఒక సీ ఎనిమోనీ ఇంకా మొండిగా బతుకుతూ ఉంది. సర్ జాన్ డాలియెల్ 1828లో తీరపు రాళ్ల నుంచి తెచ్చిన ఈ జీవికి ‘గ్రానీ’ అని, అంటే అమ్మమ్మ అని, పేరు పెట్టారు. డాలియెల్ 1851లో పోయాడు. అమ్మమ్మ చేతులు మారుతూ 1887 దాకా బతికింది. చనిపోతే పత్రికలో సంతాప వార్త కూడా పడింది. అందగత్తెగా కాదు, ఆయుష్మంతురాలిగా పేరు తెచ్చుకుంది. ఇంట్లో పెంచే సముద్ర జీవిని ఎంచుకోవడంలో అసలు లెక్క ఇదేనని అప్పుడే తేలిపోవలసింది. తేలలేదు.

ఆ తరువాత వందేళ్లకు పైగా ఉష్ణమండలపు దిబ్బల పగడాలు తొట్టెల్లోకి ఎక్కువగా శవాలుగానే వచ్చాయి. తెల్లగా ఉడకబెట్టి కడిగిన అస్థిపంజరాలను చేపల మధ్య అలంకారంగా పెట్టేవారు. పరిస్థితిని మార్చినవాడు ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్. జకార్తాలో ఉంటూ ఆయన సముద్రంలోంచి జీవాలతో సహా తెచ్చిన రాళ్లు, గాలి బుడగలు, ఎండ, ఈ మూడింటితోనే పగడాలను పెంచి, 1961లో ఆ పద్ధతిని అమెరికన్ పత్రికలో వివరించాడు. ఇవాళ లైవ్ రాక్ అంటున్నది ఆయన రాళ్లనే. సముద్రం పక్కనే ఉన్నవాడికి కుదిరింది న్యూయార్క్‌లోనో మ్యూనిక్‌లోనో ఎలా కుదురుతుందన్న ప్రశ్నకు జవాబు యూరప్‌లో వెతికారు. పీటర్ విల్కెన్స్, బెర్లిన్‌కు చెందిన డీట్రిచ్ స్ట్యూబర్ వంటివాళ్లు 1970లు, 80లలో లైవ్ రాక్‌కు నురగతో మురికిని బయటికి లాగే స్కిమ్మర్‌ను, మెటల్ హాలైడ్ దీపాలను, సున్నపు తేట నీటిని జోడించారు. దానికే బెర్లిన్ పద్ధతి అని పేరు. అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలు గదిలో దిబ్బ అనే మోజును రగిలించాయి గానీ, పగడాలు నిజంగా నిలిచింది బెర్లిన్ దారిలోనే.

స్ట్యూబర్ తొట్టిలో పెరిగిన ఒక అక్రోపోరా, అంటే కొమ్మల పగడం, ముక్కలు ముక్కలుగా విరిచి మిత్రులకు పంచగా యూరప్ దాటి అమెరికా చేరింది. ఈ వ్యాపకం చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఘట్టం ఇది. అప్పటిదాకా ప్రతి పగడమూ సముద్రం నుంచి వచ్చిన కొత్త బందీ. ఇక మీదట తొట్టి నీటిలో బతకగలిగిన వంశమే ముక్కలై వ్యాపించసాగింది, బతకలేనిది దానంతట అదే జాబితాలోంచి రాలిపోయింది. మొండితనం జాతికి రాసిపెట్టినది కాదు, వంశాన్ని బట్టి, వచ్చిన చోటును బట్టి ఉంటుంది.

దీనికి రెండు ఉదాహరణలు చాలు. పూలగుత్తిలా ఊగే గోనియోపోరా దశాబ్దాల పాటు దుకాణాల్లో బాగా అమ్ముడైన పగడం. కొన్నవాళ్ల ఇళ్లలో నెలల తరబడి కుంచించుకుపోతూ చచ్చేది, మళ్లీ కొనేవారు. కాటలాఫిలియా కథ దీనికి తలకిందులు. ఎలిగన్స్ పగడంగా పిలిచే దీన్ని 1980లలో కొత్తవాళ్లకు సైతం ధైర్యంగా సిఫారసు చేసేవారు. 1990ల చివరికి అదే జాతి తొట్టిలో పెట్టగానే ఉబ్బి, కృశించి, పోవడం మొదలైంది. పుస్తకంలో ‘సులభం’ అన్న మాట మారలేదు, తొట్టిలో ఫలితం మారిపోయింది. అందుకే జాతి పేరు కన్నా ఈ ముక్క ఎన్నేళ్లుగా ఎవరి తొట్టిలో ఉందన్నదే అడగదగ్గ ప్రశ్న.

ముక్కల మార్పిడితో లాభమే కాదు, చీడలూ వచ్చాయి. 2000 ప్రాంతం నుంచి అక్రోపోరా పెంచేవాళ్లకు కంటి మీద కునుకు లేకుండా చేసినవి రెండు. మొదటిది టెగాస్టీస్ అనే అర మిల్లీమీటరు క్రిమి, పసుపు ఒంటి మీద ఎర్ర చుక్క. దీనికి మందు కుక్కలకిచ్చే హార్ట్‌వార్మ్ మాత్రలో దొరికింది, కాకపోతే ఆ మాత్ర తొట్టిలోని రొయ్యలనూ పీతలనూ కూడా చంపేస్తుంది. రెండోది చదునైన పురుగు. పగడం రంగులోనే ఉంటుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కనపడదు. కొమ్మల మీద చిన్న చిన్న తెల్లటి గుండ్రటి గాట్లు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. ఔషధపు నీటిలో ముంచి, రబ్బరు బల్బున్న పిచికారీతో నీటిని గట్టిగా చిమ్మితే పురుగులు రాలి అడుగున ముడుచుకుంటాయి. కాని కొమ్మ మొదట్లో చచ్చిన భాగం మీద బంగారు గోధుమ రంగులో పొరలా అంటుకున్న గుడ్లను ఏ మందూ ఏమీ చేయదు. వాటిని గీకి పారేయాలి, లేదా ఆ భాగాన్నే విరిచి పారేయాలి. ఇన్నేళ్లు ఇంతమందిని ఏడిపించిన ఈ పురుగుకు అమాకుసాప్లానా అక్రోపోరే అని శాస్త్రీయ నామం పెట్టింది 2011లో.

ఇక్కడే చిన్న తొట్టి వాడికి పనికొచ్చే సంగతి ఉంది. చీడను తట్టుకునే పగడమంటూ విడిగా లేదు. చీడలే దేనికది తమ ఆహారాన్ని పంచుకున్నాయి. అక్రోపోరా పురుగు అక్రోపోరానే తింటుంది. మాంటిపోరా అనే మరో రాతి పగడాన్ని కొరికే తెల్లటి నూడీబ్రాంక్, అంటే పెంకు లేని నత్త, దాని జోలికే పోతుంది. బొత్తాల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్‌లను తినే నత్తలు వేరు. పెద్ద తొట్టి ఉన్నవాడు పురుగులను ఏరుకుతినే రాస్ చేపలను, ఐప్టేసియా అనే కలుపు ఎనిమోనీని తినే బటర్‌ఫ్లై చేపను పెట్టుకుంటాడు. నలభై లీటర్ల తొట్టిలో ఆ చేపలకు చోటు లేదు. కాబట్టి చీడతో పోరాడే కన్నా ఆ చీడకు తిండే లేని తొట్టిని అమర్చుకోవడం మేలు. అక్రోపోరా, మాంటిపోరా లేకపోతే సగం బెడద గుమ్మం దాటదు.

మెత్తటి పగడాల సంగతి మరీ ఆసక్తికరం. సార్కోఫైటాన్, సినులేరియా వంటివాటికి రాతి కవచం లేదు, అయినా దిబ్బ మీద చేపలు వాటిని పెద్దగా ముట్టుకోవు. టెర్పీన్ జాతి రసాయనాలే వాటి రక్షణ. ఈ రసాయనాలను వేరుచేసి నిర్మాణాలు తేల్చిన పనిలో మన వాళ్ల వాటా ఉంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు, ఆయన శిష్యులు 1990లలో అండమాన్ నికోబార్ దీవుల వంటి చోట్ల నుంచి తెచ్చిన మెత్తటి పగడాల మీద వరుసగా పరిశోధన పత్రాలు వెలువరించారు. సముద్రంలో కెరటాలు కడిగేసే ఆ విషమే చిన్న తొట్టిలో పేరుకుని పక్కనున్న రాతి పగడాలను కుంగదీస్తుంది. యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి, నీరు మారుస్తుండాలి. సార్కోఫైటాన్ అప్పుడప్పుడూ ముడుచుకుని, పైన మైనపు పొర కట్టి, కొన్నాళ్లకు దాన్ని వదిలేసి మళ్లీ విచ్చుకుంటుంది. కొత్తవాళ్లు చచ్చిందనుకుని తీసి పారేసేది అప్పుడే.

జోయాంథిడ్‌లు కూడా మొండి ఘటాలే, రంగులకు లోటు లేదు. వాటిలో కొన్నిటికి, ముఖ్యంగా పాలిథోవాకు, పాలీటాక్సిన్ ఉంటుంది. హవాయిలో 1971లో వేరుచేసిన ఈ పదార్థం తెలిసిన విషాల్లో అతి ఘాటైన వాటిలో ఒకటి. వీటితో నిండిన రాయిని శుభ్రం చేద్దామని వంటింట్లో మరిగించి, ఆ ఆవిరి పీల్చి, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండి తీరాలి.

ఇన్నేళ్ల ఏరివేతలో చిన్న తొట్టికి మిగిలినవాటిని నన్ను చెప్పమంటే డిస్కోసోమా పుట్టగొడుగు పగడాలను ముందు చెబుతాను. తక్కువ వెలుతురైనా ఫరవాలేదు, నీటిలో కాస్త మురికి ఉన్నా అలగవు. రాతి పగడం కావాలంటే కాలాస్ట్రియా, డంకన్, బ్లాస్టోమూసా, సైఫాస్ట్రియా. జీనియాను, గ్రీన్ స్టార్ పాలిప్‌ను మాత్రం విడి రాయి మీద ఉంచాలి. కొత్తవాళ్లకు వీటిని ఉదారంగా ఉచితంగా ఇచ్చేస్తారు. ఎందుకిస్తున్నారో ఏడాది తరువాత, తొట్టి నిండా అదే కనిపించినప్పుడు తెలుస్తుంది.

మన వేసవి మరో పరీక్ష. 25, 26 డిగ్రీల్లో ఉండవలసిన నీరు మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కరలేదు. నలభై లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి దాదాపు 36కు చేరుతుంది. పోసి సరిచేయవలసింది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు.

చట్టం సంగతి చివరికి మిగిలింది గానీ కొనేముందు చూసుకోవలసింది అదే. రాతి పగడాలన్నిటినీ సముద్రపు విసనకర్రలతో (సీ ఫ్యాన్‌లతో) సహా 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి గానీ, లక్షద్వీప్ నుంచి గానీ, అండమాన్ నుంచి గానీ ఒక్క ముక్క విరవడం నేరం. అంతర్జాతీయంగా రాతి పగడాల జాతులన్నీ 1990 నుంచి వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రం లేకుండా దేశం దాటకూడదు. 2022 సవరణ ఆ జాబితా జీవులకు మన చట్టంలోనే చోటిచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్‌లు, సార్కోఫైటాన్ సైటీస్ పట్టికలో లేవు. దుకాణదారు తనది దిగుమతి సరుకని, పెంచిన ముక్కేనని నోటిమాటగా చెబితే సరిపోదు, రశీదూ పత్రాలూ చూపించమనాలి.