కాలువ కట్టినప్పుడు

మన గోదావరి సీమలో ఏడాదిని రెండు మాటలతో కొలుస్తాము: "కాలువలు వదిలారు", "కాలువలు కట్టారు". ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిన నాటి నుండి మన పూర్వులు ఈ మాటలను బట్టే నారు పోశారు, పెండ్లిండ్లు పెట్టుకొన్నారు. పాత ఆనకట్టకు బదులు కట్టిన బ్యారేజి 1982లో పూర్తయిన తరువాత కూడ ఆ లెక్క మారలేదు.

1832-33 నాటి నందన కరువును తలచినప్పుడెల్ల కాటన్ దొరను స్మరించుకొంటాము. అయితే ఆ నీరు చేలకే గాక కడవలకు కూడ వచ్చినదన్న సంగతి అంతగా తలంచము. కాలువ నీటితో మంచినీళ్ళ చెరువు నింపుకొని, ఇండుపగింజ అరగదీసి తేర్చుకొని తాగినవారు మన సంఘములలో ఇంకా ఉన్నారు. వారి మనుమలు అదే చెరువు గట్టున నిలుచుండి ఇరవై లీటర్ల డబ్బా కొంటున్నారు.

యౌవనస్థులను ఈ విషయములోనికి తేవడానికి ప్రయత్నములు లేకపోలేదు. 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమైన తరువాత కాలేజి పిల్లలు పలుగు, పార పట్టుకొని ఊళ్ళకు రావడము మొదలైనది. పర్యావరణమును పాఠముగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2001లో బడులకు జాతీయ హరిత దళము వచ్చినది. చాలాచోట్ల ఆ పని జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగడముతోనే ముగిసినదని ఒప్పుకోవాలి. కిందటి ఏడు నాటిన గుంటలోనే మళ్ళీ నాటడము మేము కన్నులార చూశాము.

2023 వేసవిలో కాలువ కట్టినప్పుడు మా యువజన సంఘము పిల్లలు మొక్క నాటలేదు. గుడి వెనుక కాలువలోనికి దిగి, గుర్రపుడెక్క వేళ్ళలో చిక్కుకొన్నదంతా ఏరి, ఆదివారము ఆరాధన ముగిసే వేళకు ఆవరణలో టార్పాలిన్ మీద పరిచారు. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు, మందు బిళ్ళల అట్టలు, పసిపిల్లల డైపర్లు. వాటి నడుమ మన కూటముల ఫ్లెక్సీ ఒకటి. దాని మీద పెద్దల ఫొటోలు చెక్కుచెదరలేదు. ఉపన్యాసము ఎవరూ చెప్పలేదు, అవసరమూ రాలేదు.

పెద్దలలో కొందరికి కోపము వచ్చినది. "సంఘము పరువు తీశారు గదరా" అన్నారు. అప్పుడు గట్టు మీది ఇండ్ల నుండి వచ్చే ఒక తల్లి, "చెత్త బండి మా వైపు రాదండి, ఎక్కడ పోయమంటారు?" అని అడిగినది. ఇన్నేళ్ళుగా ఆ వరుస వారిని తప్పుపట్టినవారమే గాని ఆ ప్రశ్న మాకెన్నడూ తోచలేదు. పిల్లలు వంతులు వేసుకొని ఆ ఇండ్ల చెత్తను వీధి మొగ వరకు తోపుడు బండి మీద తేవడము మొదలుపెట్టారు. అర్జీ పెట్టి పెట్టి బండిని గట్టు వరకు రప్పించడానికి పది నెలలు పట్టినది.

ఇక మన విందుల సంగతి. ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధము. అయినా మన కోతపండుగకు అవి అంగడిలో దొరుకుతూనే ఉండెను, మేము కొంటూనే ఉంటిమి. టార్పాలిన్ చూసిన ఏడు అడ్డాకు విస్తళ్ళు తెప్పించి, ఇంటింటి నుండి స్టీలు గ్లాసులు పోగుచేశాము. మొదటి ఏడు అన్నీ ఆడపిల్లలే కడిగారు. రెండవ ఏడు వారు ఒప్పుకోలేదు. మగపిల్లలను కూడ కుళాయి దగ్గర కూర్చోబెట్టారు. కొన్ని గ్లాసులు ఎవరివో తేలక ఇంకా గుడి అల్మరాలోనే ఉన్నాయి.

తరువాత కాలువ కట్టినప్పుడు పిల్లలు మళ్ళీ దిగి చూశారు. గ్లాసులు బాగా తగ్గాయి. డైపర్లు తగ్గలేదు. వాటిని ఏమి చేయాలో మాలో ఎవరికీ ఇంకా తోచలేదు.