గుడ్లగూబ కూస్తే ఎవరికి కీడు?

మన పల్లెల్లో గుడ్లగూబకు ఉన్నంత చెడ్డపేరు మరే పక్షికీ లేదు. ఇంటి కప్పు మీద వాలితే కీడు. కూస్తే చావు కబురు. పొరపాటున లోపలికి వచ్చిందంటే ఇల్లు కొన్నాళ్ళు ఖాళీ చేయాలి, తిరిగి అడుగుపెట్టే ముందు శాంతి చేయించాలి. ఇంతకీ ఆ పక్షి చేసిన నేరమేమిటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. "పెద్దలు ఊరికే అన్నారా?" అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతుంది.

అయితే ఏ కాలపు పెద్దలు, ఏ ప్రాంతపు పెద్దలు ఏమన్నారో ఓపికగా వెతికి చూస్తే ఒక విచిత్రమైన సంగతి బయటపడుతుంది. గుడ్లగూబ విషయంలో పెద్దలందరూ ఒకే మాట అనలేదు. ఒక నగరంలో చావును సూచించినది మరో నగరంలో విజయాన్ని సూచించింది. ఒక రాష్ట్రంలో ఇంటికి అరిష్టమైనది మరో రాష్ట్రంలో లక్ష్మీదేవి వాహనం. పక్షి మాత్రం అన్నిచోట్లా ఒకే పని చేస్తూ వచ్చింది. రాత్రిపూట ఎలుకలను పట్టి తిన్నది.

ఒకే పక్షికి రెండు తీర్పులు

మన దేశంలో 30కి పైగా గుడ్లగూబ జాతులున్నాయి. వాటిలో మనుషుల మధ్య ఎక్కువగా మసలేవి రెండు. ఒకటి పైడికంటి. పిడికెడంత ఉంటుంది. గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపుపచ్చని కళ్ళు. సాయంత్రం వేళ కరెంటు తీగల మీద కూర్చుని కిచకిచలాడుతూ ఉంటుంది. రెండవది ఇంగ్లీషులో బార్న్ ఔల్ అని పిలిచే తెల్ల గుడ్లగూబ. దీని ముఖం తెల్లగా, నిలువునా కోసిన ఆపిల్ పండులా ఉంటుంది. పాడుబడిన కోటల్లో, గుడి గోపురాల్లో, ధాన్యపు గోదాముల్లో కాపురం ఉంటుంది. ఇది కూయదు, కీచుమని అరుస్తుంది, పాములా బుస కొడుతుంది. తెలుగువారు దీనికి పెట్టిన పేరు చావుపిట్ట. తమిళంలోనూ దీని పేరుకు అర్థం అదే.

ఇదే పక్షి బెంగాల్లో ఇంటికి వస్తే ఇల్లాలు సంతోషిస్తుంది. అక్కడ ఇది లక్ష్మి గుడ్లగూబ. ఆశ్వయుజ పౌర్ణమినాడు చేసే లక్ష్మీపూజలో దేవి పక్కన దీని బొమ్మ ఉండాల్సిందే. దాన్ని తరిమివేయడం అంటే సిరిని తరిమివేయడమే.

ఈ రెండు నమ్మకాల్లో ఏది నిజం? ఇది చావును తెచ్చేదే అయితే బెంగాల్లో ఎందుకు తేవడం లేదు? సంపదను తెచ్చేదే అయితే మన ఇళ్ళకు ఎందుకు తేవడం లేదు? వరిపంట ముఖ్యమైన బెంగాల్లో, గాదెల చుట్టూ ఎలుకలను వేటాడే పక్షిని ధాన్యలక్ష్మితో జోడించడానికి ఒక లౌకికమైన కారణం ఊహించవచ్చు. చావుతో జోడించడానికి కూడా అలాంటి కారణాలే ఉన్నాయి. వాటి దగ్గరికి తరువాత వద్దాం.

మన పాత గ్రంథాల్లో

ఋగ్వేదం పదవ మండలంలో 165వ సూక్తం అపశకునాల గురించినదే. అందులో గుడ్లగూబ ప్రస్తావన ఉంది. దాని అరుపు వృథా అయిపోవాలని కోరుకుంటారు. అయితే ఆ సూక్తంలో అసలు భయం గుడ్లగూబ గురించి కాదు, పావురం గురించి! మృత్యుదేవత అయిన నిరృతి పంపిన దూతగా అందులో కనిపించేది పావురమే. ఈనాడు అదే పావురానికి గుడి ముంగిట గింజలు చల్లుతున్నాం. శాంతి చిహ్నంగా సభల్లో ఎగురవేస్తున్నాం. ఈ మధ్య కాలంలో పావురం తన స్వభావాన్ని మార్చుకోలేదు. మారినది మన ఆలోచన.

పంచతంత్రంలోని కాకోలూకీయం కథ తెలిసినదే. పక్షులన్నీ కలిసి గుడ్లగూబను రాజును చేయబోతే కాకి అడ్డుపడింది. దాని అభ్యంతరం గుడ్లగూబ చేసిన పనుల గురించి కాదు, దాని ముఖం గురించి. మహాభారతం సౌప్తిక పర్వంలో గుడ్లగూబ మరో పాత్రలో కనిపిస్తుంది. నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ చంపడం చూసిన అశ్వత్థామ, నిద్రలో ఉన్న పాండవ శిబిరం మీద దాడి చేయాలని నిశ్చయించుకుంటాడు. ఇక్కడ నేరం చేసింది మనిషి, చెడ్డపేరు మిగిలింది పక్షికి.

ఇంకో విశేషం. ప్రపంచమంతా పరమాణువులతో నిర్మితమైందని ప్రతిపాదించిన కణాదుని వైశేషిక దర్శనానికి ఔలూక్య దర్శనమని మరో పేరుంది. ఉలూకం అంటే గుడ్లగూబ. అణువుల గురించి తర్కించిన శాస్త్రానికి ఆ పేరు పెట్టుకోవడానికి ఆనాటివారు వెనుకాడలేదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునాలకు అనేక అధ్యాయాలు కేటాయించాడు. ఆ ధోరణి ఈనాటికీ పంచాంగాల్లోని బల్లిశాస్త్రం వరకు సాగుతూనే ఉంది.

ఏథెన్సులో వరం, రోములో శాపం

పడమటి దేశాల్లోనూ ఇదే తికమక కనిపిస్తుంది. క్రీ.పూ. అయిదో శతాబ్దపు ఏథెన్సు నగరం తన వెండి నాణేల మీద ఒకవైపు ఎథీనా దేవి తలను, మరోవైపు గుడ్లగూబను ముద్రించింది. ఎథీనా జ్ఞానానికి దేవత. క్రీ.పూ. 480లో పర్షియన్లతో సాలమిస్ దగ్గర జరిగిన నౌకాయుద్ధానికి ముందు ఓడ కొయ్య మీద గుడ్లగూబ వాలిందనీ, దాన్ని గ్రీకులు శుభశకునంగా భావించారనీ ప్లూటార్క్ రాశాడు. ఆ జ్ఞాపకం శాస్త్రీయ నామాల్లోకి కూడా వచ్చింది. మన పైడికంటి శాస్త్రీయ నామం ఎథీనీ బ్రామా. మన వీధిలో రాయి దెబ్బలు తినే పిట్ట గ్రీకుల జ్ఞానదేవత పేరును మోస్తున్నదన్నమాట.

సముద్రం దాటి రోముకు వెళితే తీర్పు తారుమారు. అక్కడ గుడ్లగూబ చావుకు గుర్తు. క్రీ.శ. 43లో ఒక పెద్ద గుడ్లగూబ రోము నగరంలోని కాపిటల్ ఆలయ గర్భగుడిలోకి వచ్చినందుకు నగరం మొత్తానికి శుద్ధి చేశారు. ఈ సంగతిని రాసి పెట్టినవాడు ప్లినీ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించిన పండితుడు ఆయనే. ప్రకృతి గురించి ఆయన రాసిన 37 భాగాల గ్రంథంలో నమ్మశక్యం కాని కథలు ఎన్నో ఉన్నాయి. కానీ గుడ్లగూబ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక ముఖ్యమైన మాట చేర్చాడు. ఈ పక్షి వాలినా ఎవరూ చనిపోని ఇళ్ళు తనకు చాలా తెలుసునన్నాడు.

చూడడానికి ఇది చిన్న మాటే. కానీ శకునాలను పరీక్షించే పద్ధతి అంతా అందులోనే ఉంది. గుడ్లగూబ వాలిన తర్వాత చావు జరిగిన ఇళ్ళను అందరూ గుర్తుంచుకుంటారు. వాలినా ఏమీ జరగని ఇళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. గుడ్లగూబ వాలకుండానే చావులు జరిగిన ఇళ్ళను అసలే లెక్కపెట్టరు. ఈ మూడు లెక్కలనూ పక్కపక్కన పెట్టకుండా ఏ శకునాన్నీ నిజమని అనలేం. రెండు వేల ఏళ్ళ కిందట ప్లినీ కనీసం రెండో లెక్క వేశాడు.

చావుతో ముడి ఎలా పడింది?

ప్రజలు ఈ నమ్మకాన్ని గాలిలోంచి సృష్టించలేదు. దానికి ఆధారమైన అనుభవాలు కొన్ని ఉన్నాయి. గుడ్లగూబ గూడు కట్టదు. పాత చెట్టు తొర్రలో, గోడ కంతలో, పాడుబడిన కట్టడంలో గుడ్లు పెడుతుంది. గొడ్డలి పడని పాత చింతలు, మర్రులు ఎక్కువగా మిగిలేది శ్మశానాల్లోనే. కాబట్టి అక్కడ గుడ్లగూబలు కనిపించడం సహజం.

ఇక కూత విషయం. గుడ్లగూబ దాదాపు ప్రతి రాత్రీ కూస్తుంది. మామూలు రాత్రుల్లో మనం నిద్రలో ఉంటాం, వినం. ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరినప్పుడు తెల్లవార్లూ మేలుకుని కూర్చుంటాం. అప్పుడు వినిపిస్తుంది. ఆ గదిలో దీపం వెలుగుతూ ఉంటుంది. దీపానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం పైడికంటి చేరుతుంది. మర్నాడు రోగి కన్నుమూస్తే కూత గుర్తుంటుంది. కోలుకుంటే కూత మరుపున పడుతుంది. రోగం వల్ల మనం మేలుకున్నాం, మేలుకున్నందువల్ల కూత విన్నాం. ఈ వరుసను తలకిందులు చేసి, కూత వల్ల చావు వచ్చిందంటున్నాం.

వాటర్టన్ తలుపు తెరిచాడు

ఇంగ్లండులోనూ పల్లె జనం గుడ్లగూబలను చంపి, కీడు తగలకుండా కొట్టాం తలుపులకు మేకులతో కొట్టేవారు. యార్క్‌షైర్‌లోని వాల్టన్ హాల్ అనే ఎస్టేటులో కూడా 1813 వరకు గుడ్లగూబలకు బతుకు లేదు. ఆ ఇంట్లోని ముసలి గృహనిర్వాహకురాలికి వాటి అరుపంటే హడలు. కనిపించిన వాటిని చంపించేది. ఎస్టేటు యజమాని చార్లెస్ వాటర్టన్ దక్షిణ అమెరికా అడవుల్లో తిరిగి వచ్చిన ప్రకృతి పరిశీలకుడు. ఆయన ఆ ఏడాది వాటిని చంపడం మాన్పించి, పాత సింహద్వారం శిథిలాల మీద రాతితో, సున్నంతో నాలుగడుగుల చదరం గూడు కట్టించాడు. నెల తిరిగేసరికి ఒక తెల్ల గుడ్లగూబల జంట అందులో చేరింది.

వాటర్టన్ అక్కడితో ఆగలేదు, లెక్క మొదలుపెట్టాడు. గుడ్లగూబ ఎలుకను మింగాక ఎముకలు, బొచ్చు కడుపులో ముద్దగా మారతాయి. ఆ ముద్దను నోటి ద్వారా బయటికి వదిలేస్తుంది. వాటర్టన్ ఆ ముద్దలను ఏరి విప్పి చూశాడు. ఒక్కొక్క దానిలో నాలుగు నుంచి ఏడు చిట్టెలుకల అస్థిపంజరాలు కనిపించాయి. పిల్లలున్నప్పుడు తల్లిదండ్రులు పన్నెండు, పదిహేను నిమిషాలకొక ఎలుకను గూటికి తెస్తున్నాయని గమనించాడు. కీడు తెచ్చే పక్షి నిజానికి ఏమి తెస్తున్నదో గూటి ముందు నిలబడి చూసి చెప్పాడు.

చీకటిలో వినే విద్య

రాత్రి చీకటిలో గుడ్లగూబ వేట ఎలా పడుతుందనే ప్రశ్న చాలాకాలం మాయగానే మిగిలింది. 1950ల చివర అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ పేన్ చిమ్మచీకటి గదిలో, నేల మీద ఎండుటాకులు పరచి, తెల్ల గుడ్లగూబకు పరీక్ష పెట్టాడు. ఆకుల్లో కదిలే ఎలుకను అది చూడకుండానే పట్టింది. ఎలుకకు బదులు కాగితపు ఉండను దారంతో ఈడిస్తే దాని మీదికి దూకింది. అంటే వాసన కాదు, చూపు కాదు, శబ్దమే దానికి దారి చూపుతున్నది. ఒక చెవి మూస్తే గురి తప్పింది.

ఈ పక్షి చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి కొంచెం పైకి, మరొకటి కిందికి ఉంటాయి. అందువల్ల శబ్దం ఏ పక్క నుంచి వస్తున్నదో మాత్రమే కాక ఎంత ఎత్తు నుంచి వస్తున్నదో కూడా తెలుస్తుంది. మనలను భయపెట్టే ఆ పళ్ళెం లాంటి ముఖం శబ్దాన్ని పోగుచేసి చెవులకు అందించే సాధనం. రెక్కల ఈకల అంచున దువ్వెన పళ్ళ వంటి కుచ్చులు ఉండటం వల్ల అది ఎగిరినా చప్పుడు కాదు. 1978లో ఎరిక్ నూడ్‌సెన్, మసకాజు కోనిషి దీని మెదడులో శబ్దాలు వచ్చే దిక్కులకు ఒక పటం లాంటి అమరిక ఉన్నదని చూపించారు. మెదడు గురించిన పరిశోధనల్లో అది ఒక మైలురాయి.

నమ్మకం ఖరీదు

శాస్త్రం ఇంత చెప్పినా నమ్మకం ప్రాణాలు తీస్తూనే ఉంది. 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ పక్షి శాస్త్రజ్ఞుడు అబ్రార్ అహ్మద్ పరిశీలనల ఆధారంగా ఒక నివేదిక వెలువరించింది. దేశంలోని 30 జాతుల్లో 15 జాతుల గుడ్లగూబలు దొంగచాటు వ్యాపారంలో కనిపించాయని అందులో ఉంది. గోళ్ళు, ఈకలు, కళ్ళు, ఎముకలు - అన్నీ మంత్రతంత్రాల కోసమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. అయినా దీపావళి ముందు ఈ వ్యాపారం పెరుగుతుంది. అమావాస్యనాడు గుడ్లగూబను బలి ఇస్తే లక్ష్మి ఇల్లు విడిచిపోదని కొందరి నమ్మకం. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అరిష్టమని రాయి విసిరేవాడి చేతిలోనూ, లక్ష్మి వాహనమని బలి ఇచ్చేవాడి చేతిలోనూ చచ్చేది ఆ పక్షే. శుభశకునమని నేర్పినంత మాత్రాన అది బతకదు. శకునమే కాదని తెలియాలి.

కొత్త కాలానికి కొత్త భయాలు కూడా పుడుతున్నాయి. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో మూడు తెల్ల గుడ్లగూబ పిల్లలు నిటారుగా నిలబడి కనిపించాయి. ఆ వీడియో చూసి గ్రహాంతర వాసులు వచ్చారని ప్రచారం సాగింది. దయ్యం స్థానంలోకి గ్రహాంతర వాసి వచ్చాడు. పక్షిని పక్షిగా చూడటం మాత్రం రాలేదు.

నష్టం పక్షికి మాత్రమే కాదు. వరి పండే మన డెల్టాల్లో ఎలుకలు, పందికొక్కులు రైతుకు పాత శత్రువులు. వాటి కోసం పెట్టే బ్రోమాడయొలోన్ వంటి విషం తిన్న ఎలుకను పట్టి గుడ్లగూబ కూడా చస్తుంది. అంటే ఖర్చు లేకుండా కాపలా కాసేవాడిని మనమే చంపుకుని, డబ్బు పోసి మళ్ళీ విషం కొంటున్నాం.

దీనికి మరో దారి ఉన్నదని చూపినవారున్నారు. మలేషియాలో ఆయిల్ పామ్ తోటల్లో ఎలుకల నివారణకు గుడ్లగూబల కోసం చెక్క గూళ్ళు పెడుతున్నారు. ఇజ్రాయెల్‌లో బెత్ షియాన్ లోయ రైతులు 1983లో ఇదే పని మొదలుపెట్టారు. 2002 నుంచి పొరుగున ఉన్న జోర్డాన్ రైతులు కూడా కలిశారు. జోర్డాన్ పల్లెల్లోనూ గుడ్లగూబ అపశకునమే. విశ్రాంత సైనికాధికారి మన్సూర్ అబూ రషీద్ వంటివారు రైతులతో ఓపికగా మాట్లాడి, పొలాల్లో గూళ్ళు నిలబెట్టించారు. ఎలుకలు తగ్గడం కళ్ళారా చూశాక భయం సడలింది.

ఈ పని మన ఊళ్ళలోనూ చేయవచ్చు. పాఠశాల విద్యార్థులు గుడ్లగూబ ఉండే చెట్టు కింద పడిన ముద్దలను ఏరి, నీటిలో నానబెట్టి, పుల్లతో విప్పి చూడవచ్చు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అందులో దొరికే ఎలుక పుర్రెలను లెక్కపెట్టి గ్రామ పంచాయతీ గోడ మీద రాయవచ్చు. పక్కనే మరో లెక్క కూడా రాయవచ్చు. గుడ్లగూబ కూసిన రాత్రులు ఎన్ని? వాటిలో ఊళ్ళో చావు జరిగినవి ఎన్ని, జరగనివి ఎన్ని? కూయని రాత్రుల్లో జరిగిన చావులు ఎన్ని? ఏడాది పాటు ఈ పట్టిక నింపిన తర్వాత గుడ్లగూబ కూస్తే ఎవరికి కీడో ఆ ఊరివారే తేల్చుకోగలరు. అప్పటివరకు ఆ కూత వల్ల నిజంగా కీడు జరిగేది ఎలుకకే.