తొలి ఇస్లాం యుగపు ఊదుడు గాజుపాత్రలు: కాలనిర్ణయ సమస్య

సిరియా, ఈజిప్టు దేశములు క్రీ.శ. 634-642 నడుమ అరబ్బుల వశమైనవి. అప్పటినుండి అచ్చటి గాజుపాత్రలను ఇస్లామీయములని పేర్కొనుట పరిపాటి. రాజ్యము మారినంతనే కొలిమియు మారినదా యనునది విచార్యము. మారలేదని నా అభిప్రాయము.

మనకు గాజనగా ముందు ముంజేతి గాజులే స్ఫురించును గాని, ఇచ్చట ప్రస్తుతము ఊపిరితో ఉబ్బించిన పాత్రలు. కరిగిన గాజుముద్దను బోలుగొట్టము కొనకు తగిలించి యూదు ఈ విద్య సిరియా, పాలస్తీనా ప్రాంతమున క్రీ.పూ. 1వ శతాబ్దిలో పుట్టినది. పాలకులు మారినను పనివారు పాత పద్ధతినే సాగించిరి. అందుచేతనే 7వ శతాబ్దపు సీసాలలో బైజాంటియనులది ఏది, ఉమయ్యదులది ఏది యని వేరుచేయుట నిపుణులకును తరచు దుష్కరము.

అసలు మార్పు ముడిసరకులో వచ్చినది. రోమనుల కాలమునుండి ఆ ప్రాంతపు గాజునకు వలయు క్షారము నాట్రాన్. అది ఈజిప్టులోని వాదీ నట్రూన్ సరస్సులలో దొరకును. 8, 9 శతాబ్దులలో అది వెనుకబడి, ఉప్పునేలల మొక్కల బూడిద దాని స్థానము నాక్రమించెను. బూడిదగాజులో పొటాషియము, మెగ్నీషియము పాళ్లు హెచ్చు; రసాయన పరీక్షలో రెండును విడివడును. అయితే ఇరాకు, ఇరానులలో ససానియనుల కాలమునాడే బూడిద వాడుకలో నున్నది గనుక ఈ పరీక్ష అచ్చట పనికిరాదు.

కాలము తెలిసిన పాత్రలు మిక్కిలి తక్కువ. ఫుస్తాతు త్రవ్వకములలో 1965లో దొరకిన యొక గిన్నెపై తళుకురంగుతో అబ్దుల్ సమద్ ఇబ్న్ అలీ పేరు వ్రాయబడియున్నది. ఆ అబ్బాసీయుడు ఈజిప్టును 773లో స్వల్పకాలమే పాలించెను. ఆ స్వల్పకాలమే మనకు మహోపకారమైనది! చీనాలో ఫామెన్ ఆలయపు భూగృహము 874లో మూయబడి 1987లో తెరువబడినది. అందలి సుమారు 20 గాజు వస్తువులలో గీతల నగిషీ గల నీలపు పళ్లెములు గలవు. ఆ నగిషీ 874కు పూర్వమే వ్యాపించినదని దీనివలన స్పష్టము.

ఇక పరీక్షలకు మరొక చిక్కు. తురుష్క తీరమున సెర్చె లిమానీవద్ద సుమారు 1025లో మునిగిన యోడను 1977-1979 నడుమ పరిశోధించిరి. అందు 3 టన్నుల గాజు కలదు; పగిలిన పాత్రలు, ముడిముద్దలు, అన్నియు మరల కరగించుటకే. ఇట్లు పాతగాజు క్రొత్తగాజుతో కలియుచుండెను గనుక, ఒకే పాత్రలో నాట్రానును బూడిదయు కనబడవచ్చును. ఆ పెంకులను అతికి పాత్రల రూపములను రాబట్టుటకే పరిశోధకులకు ఎన్నో యేండ్లు పట్టినవి.