గని కట్టలు - వాటి దిగువ ఊళ్ళు

చెరువు కట్ట తెలుగువారికి కొత్త గాదు. తూము, అలుగు, గండి అను మాటలు స్వగ్రామము విడిచి ఎంత దూరము వచ్చినను మన నోట నిలిచియే యున్నవి. కాని గనులున్న చోట మరియొక జాతి కట్ట గలదు. దాని చరిత్రను, దాని క్షేమమును నిర్ణయించుటకు ఏర్పడిన తరగతులను గూర్చి ఈ ఉగాది సంచికలో మన సోదర సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

గని రాతిని మిల్లులో పిండిచేసి లోహమును వేరుచేయగా మిగిలిన పొడిని టెయిలింగ్స్ అందురు. నీటితో కలిసి జావవలె నుండు దీనిని గొట్టముల ద్వారా తెచ్చి మట్టికట్ట వెనుక వదలుదురు. ముతక ఇసుక కట్ట దగ్గరనే దిగును. సన్నని బురదయు నీరును లోపలికి పోవును. చెరువు కట్టను ముందుగా పూర్తిచేసి పిదప నీరు నింపుదురు. ఈ కట్ట మాత్రము గని సాగినన్నాళ్ళు పెరుగుచునే యుండును. ఖర్చు తగ్గునని కొన్నిచోట్ల కొత్త వరుసను లోపలి వైపునకు జరిపి, ఆరిన బురద మీదనే వేయుదురు. పైన ఆరినను లోన తడి యుండును. ఆ తడి హెచ్చినను, భూమి కదలినను, గట్టిగా నున్న దిబ్బ క్షణములో జావయై పారును. 1965 మార్చి 28న చిలీ దేశమున భూకంపము వచ్చినపుడు ఎల్ కోబ్రే రాగి గని కట్టలు తెగి 200 మందికి పైగా బురదలో సమాధియైరి.

అమెరికాలో కన్నులు తెరిపించినది బఫెలో క్రీక్ దుర్ఘటన. పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున ఒక బొగ్గు కంపెనీ, బొగ్గు కడిగిన నల్లనీటిని ఆపుటకు లోయ తలదట్టున వ్యర్థపు దిబ్బతోనే కట్ట వేసినది. పునాది పాత బురద. సరియైన అలుగు లేదు. ఒక గొట్టము మాత్రమున్నది. 1972 ఫిబ్రవరిలో వానలు పట్టినవి. కట్ట తెగుటకు నాలుగు దినముల ముందు వచ్చిన తనిఖీ అధికారి అంతయు తృప్తికరముగా నున్నదనెను. 26వ తేదీ శనివారము ఉదయము 8 గంటల వేళ కట్ట కూలి, సుమారు 50 కోట్ల లీటర్ల నల్లనీరు లోయలోని గని కార్మికుల పల్లెలపై బడెను. 125 మంది మరణించిరి. 4,000 మందికి పైగా నిలువనీడ లేనివారైరి. కంపెనీ దీనిని దైవఘటన యన్నది. అలుగు పెట్టకుండుట దైవము చేసిన పని యెట్లగును?

ఆ సంవత్సరము ఆగస్టులోనే అమెరికాలో ఆనకట్టల తనిఖీకి చట్టము వచ్చినది. క్రమముగా మూడు తరగతులు స్థిరపడినవి: తక్కువ ప్రమాదము, గణనీయ ప్రమాదము, అధిక ప్రమాదము. ఇచ్చట ఒక మర్మము గ్రహింపవలెను. ఈ తరగతి కట్ట బలమును చెప్పదు. కట్ట తెగినచో దిగువ ఏమగునో చెప్పును. కొత్తగా, దిట్టముగా నున్న కట్టయైనను దాని దిగువ మనుష్యుల ప్రాణములు పోవు నవకాశమున్నచో అది అధిక ప్రమాదపు కట్టయే. కట్ట స్థితిని వేరుగా పరీక్షించి చెప్పుదురు. పంచాంగములో ఆదాయమొక్కటే విని వ్యయము వినక లేచిపోవువాని లెక్క ఎట్లుండునో, ఈ రెండింటిలో ఒక్కటే చదువువాని లెక్కయు అట్లే యుండును.

దీనికి బ్రెజిల్ దేశమున బ్రుమాదిన్యో నిదర్శనము. 86 మీటర్ల ఎత్తుగల ఆ ఇనుప గని కట్ట సర్కారు పట్టికలో 'ముప్పు తక్కువ, నష్టము అధికము' అని యుండెను. నిలబెట్టు బలమును కూల్చు బలముతో భాగించినపుడు వచ్చు అంకెను క్షేమాంకమందురు. 1 అనగా సరిగా అంచున నున్నదని యర్థము. ఇట్టి కట్టకు 1.3 ఉండవలెనని నిపుణులు చెప్పుచుండగా, 1.09 వచ్చినను 2018లో క్షేమపత్రము లభించినది. 2019 జనవరి 25న మధ్యాహ్న భోజనవేళ కట్ట కూలెను. గని కార్యాలయములు, భోజనశాల సరిగా దాని దిగువనే యున్నవి. 270 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది అచ్చటి కార్మికులే. పట్టికలో మొదటి మాట తప్పినది. రెండవ మాట అక్షరాల నిజమైనది.

ఆ పిమ్మట 2020 ఆగస్టులో ఒక ప్రపంచ ప్రమాణము వెలువడినది. అందులో తరగతులు ఐదు. దిగువ 1,000 మందికి పైగా నుండి, 100కు మించి ప్రాణనష్టము కలుగగలచోట కట్టది అన్నిటికంటె పై తరగతి. గని మూతపడిన తరువాత కూడ కట్టను కాపాడవలెననియు, దిగువ ప్రజలకు వివరములు తెలుపవలెననియు అది విధించుచున్నది.

ఈ దూరదేశపు కథలు మనకేల యని అడుగవచ్చును. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చిత్తూరు సీమనుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు తమిళ సోదరులతో కలిసి తరతరములు అచ్చట పనిచేసినవి. బంగారము వెళ్ళిపోయినది; 3 కోట్ల టన్నులకు పైబడిన సైనైడ్ దిబ్బలు నిలిచిపోయినవి. అవి నీరు నిలిపిన కట్టలవంటివి కావు గనుక వాటి బాధ వేరు: గాలికి దుమ్ము, వానకు కోత. ఐనను నీతి ఒక్కటే. గని మూతపడును గాని మిగిలినది మూతపడదు.

పనికై వలస వచ్చినవారికి తరచు దొరకు నివేశనస్థలము పల్లపు నేలయే. బఫెలో క్రీక్‌లోనైనను, బ్రుమాదిన్యోలోనైనను కట్ట దిగువ నున్నది కూలి చేసుకొను జనమే. కనుక గనుల దాపున, కర్మాగారపు బురద చెరువుల దాపున కాపురమున్న మనవారు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగవలెను: కట్ట ఎంత గట్టిది? తెగినచో మా యింటికి ఎంతసేపటిలో వచ్చును? మొదటిదానికి జవాబిచ్చి రెండవదానికి మౌనము వహించు కాగితమును నమ్మరాదు. ఆ జవాబు మనకు తెలిసిన భాషలో నుండవలెనని కోరుట మన హక్కు. అడుగుట మన సంఘముల విధి. ఈ నూతన వత్సరము మన యిండ్లను, మన యిరుగుపొరుగు నెల్లర యిండ్లను క్షేమముగా నుంచుగాక!