ఉస్మానియా విశ్వవిద్యాలయ వారసత్వము: నామము, భాష, స్మృతి

విశ్వవిద్యాలయముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా శాసనముల తేదీలను, ఉపాధ్యక్షుల పరంపరను, భవనముల శంకుస్థాపనలను వరుసగా పేర్కొని తమ పని ముగిసినదని తలంతురు. సంస్థకు పేరిచ్చిన ప్రభుత్వము ఎట్టిది, దాని బొక్కసమునకు ధనము ఎక్కడినుండి చేరినది, దాని తలుపులు ఎవరికి తెరచుకొన్నవి, ఎవరికి మూసుకొన్నవి అను ప్రశ్నలు అట్టి గ్రంథములలో అరుదుగా కనబడును. ఈ ప్రశ్నలను హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ విషయమున వేసి చూచుట ఈ వ్యాసమునందు మేము చేయదలచిన పని. పిదప అవే ప్రశ్నలను మన వాల్తేరు విషయమునను వేయవలసియున్నది.

తెలుగునాట ఈ రెండు విద్యాపీఠములకును ఏప్రిల్ 26 జన్మదినమగుట ఒక విశేషము. 1917 ఏప్రిల్ 26న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను జారీచేసిన ఫర్మానా ఉస్మానియాకు మూలము. 1926 ఏప్రిల్ 26న మద్రాసు శాసనసభ చట్టము ననుసరించి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినది. మొదటిది ప్రభువు ఆజ్ఞవలన పుట్టి ప్రభువు పేరు దాల్చినది. రెండవది ప్రజల భాషోద్యమము వలన పుట్టి ప్రజల పేరు దాల్చినది. పుట్టుకయందలి ఈ భేదము నిజమైనదే గాని, అది తోచినంత గొప్పది కాదని ముందు చూడగలము.

ఇట్టి విచారణకు పరదేశమునందలి ఒక దృష్టాంతము దారి చూపును. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున మిసిసిపీ విశ్వవిద్యాలయము 1848లో తరగతులు ప్రారంభించినది. బానిసల శ్రమపై నిలిచిన పత్తితోటల యజమానుల సమాజము దానిని పోషించినది. 1861లో అంతర్యుద్ధము రాగా అచ్చటి విద్యార్థులు ఒక దళముగా ఏర్పడి, బానిసత్వమును నిలుపుకొనదలచిన దక్షిణ కూటమి పక్షమున పోరాడిరి. 1906లో ఆ కూటమి సైనికుని శిలావిగ్రహమును ఆవరణలో నిలిపిరి. 1962లో జేమ్స్ మెరెడిత్ అను నల్లజాతి విద్యార్థి చేరుటకు రాగా చెలరేగిన దొమ్మిలో ఇద్దరు మరణించిరి. 1997లో క్రీడాంగణమునకు కర్రలు తీసికొనిరారాదను నియమముతో కూటమి జెండాలను అదుపుచేసిరి. 2003లో తోటయజమానిని తలపించు క్రీడాచిహ్నమును మాన్పించిరి. 2020 జూలైలో సైనికుని విగ్రహమును ఆవరణలోని శ్మశానవాటికకు తరలించిరి. అయినను ‘ఓల్ మిస్’ అను వాడుకపేరు మాత్రము నిలిచియే యున్నది. తోటయజమానుని భార్యను బానిసలు పిలిచెడి పిలుపునుండి ఆ పేరు వచ్చినదని తెలిసిన వారును దానిని విడువలేకున్నారు.

ఈ దృష్టాంతమున మూడు అంతరువులు కానవచ్చుచున్నవి: చిహ్నము, నామము, ప్రవేశము. చిహ్నమును మార్చుట సులభము, నామమును మార్చుట కష్టము. లోపలికి వచ్చినవానికి సమానగౌరవము సమకూర్చుట అన్నిటికంటె కష్టము. ఉస్మానియా చరిత్రను ఈ మూడు కొలతలతోనే చూతము. అయితే నిజాము రాజ్యమును దక్షిణ కూటమితో సమానమని చెప్పుట మా ఉద్దేశము కాదు. రెండింటికిని గల పోలిక ఒక్కటే: గౌరవింపదగిన విద్యాకార్యము, గౌరవింపరాని సాంఘికవ్యవస్థ ఒకే గృహమున కలిసియుండుట.

ముందుగా విద్యాకార్యమును ఒప్పుకొనవలయును. అక్బర్ హైదరీ సమర్పించిన నివేదిక ననుసరించి ఈ విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యను ఇంగ్లీషున గాక ఉర్దూలో బోధించుటకు పూనుకొన్నది. దేశమునందలి తక్కిన విశ్వవిద్యాలయములన్నియు ఇంగ్లీషును ఆశ్రయించియున్న కాలమున ఇది సాహసము. మౌల్వీ అబ్దుల్ హక్ నాయకత్వమున మొదలైన అనువాదశాఖ గణితము, భౌతికశాస్త్రము, వైద్యము, న్యాయము, చరిత్ర మున్నగు శాస్త్రములకు పరిభాషను కల్పించి గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు ఈ ప్రయత్నమును మెచ్చుకొనెను. 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమున ఎల్లోరా, అజంతా స్తంభముల రీతియు ఇస్లాము కమానుల రీతియు కలిసియున్నవి. బెల్జియము శిల్పి ఎర్నెస్టు జాస్పరు రచించిన ఆ కట్టడము నేటికిని దక్కనుకు అలంకారము.

కాని దేశభాషయనగా ఎవరి భాష? 1931 జనాభా లెక్కల ప్రకారము హైదరాబాదు రాజ్యమున ఇంచుమించు సగముమంది తెలుగువారు, నాల్గవవంతు మరాఠీవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదింట ఒకవంతు మాత్రమే. తెలుగును ఒక పాఠ్యవిషయముగా చదువుటకు వీలుండెను. రాయప్రోలు సుబ్బారావుగారివంటి కవి అచ్చట తెలుగు ఆచార్యత్వము వహించిరి. అయినను శాస్త్రమును, చరిత్రను, న్యాయమును తెలుగున చదువుటకు వీలులేకుండెను. ఆ కాలమున చోడవరము రైతుబిడ్డ వాల్తేరులో ఇంగ్లీషున చదివెను; జనగామ రైతుబిడ్డ హైదరాబాదులో ఉర్దూలో చదివెను. ఇద్దరికిని ఇంటిభాష గడప వద్దనే ఆగిపోయినది. మొదటివానికి పరిషత్తు పేరున ‘ఆంధ్ర’ శబ్దమైనను దక్కినది. రెండవవానికి అదియు లేదు.

ఈ లోటు భాషకు మాత్రమే సంబంధించినది కాదు, మర్యాదకును సంబంధించినది. 1921 నవంబరున హైదరాబాదులో కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు అల్లరిచేసి గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో బాలికలకు తెలుగు పాఠశాల నెలకొన్నది. తెలంగాణమున తెలుగు కవులు లేరను మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. భాగ్యరెడ్డివర్మగారు అంతకుముందే హరిజనవాడలలో తెలుగు పాఠశాలలు నడిపియుండిరి. విశ్వవిద్యాలయము చేయని పనిని దాని ప్రాకారము వెలుపల ప్రజలు చేసికొనిరి. ఈ వెలుపలి చరిత్రను విడిచిన ఉస్మానియా చరిత్ర సగము చరిత్రయే యగును.

రాజ్యపు ఆదాయమునకు మూలము భూమి. ఆ భూమిపై జాగీరుదారులు, దేశముఖులు నెలకొల్పిన వెట్టిచాకిరి తెలంగాణపు గ్రామములను పీడించినది. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కులములవారు దొర గడీలో కూలిలేక పనిచేయవలసి వచ్చెడిది. ఈ దొరలలో చాలమంది హిందువులే యగుట గమనింపదగిన విషయము. కావున ఈ వారసత్వమును మతముతో కొలుచువారు దాని స్వరూపమును గ్రహింపలేరు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు కూలినప్పటినుండి వెట్టికి విరోధముగా సాగిన రైతాంగ పోరాటము 1951 వరకు నిలిచినది. వెట్టివాని బిడ్డకు ఆర్ట్సు కళాశాల ఎంత దూరమో చెప్పుటకు వేరే సాక్ష్యము అక్కరలేదు.

లోపలనుండి వచ్చిన ఎదిరింపును కూడ చూడవలెను. 1938 నవంబరు చివర వసతిగృహముల ప్రార్థనామందిరమున వందేమాతరము పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెచేసిరి, ఉద్యమము రాజ్యమునందలి ఇతర కళాశాలలకు వ్యాపించెను. ఎందరో బహిష్కృతులైరి. నాగపురము విశ్వవిద్యాలయము వారికి ఆశ్రయమిచ్చినది. అట్లు నాగపురము చేరినవారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు, వారే 1991లో భారతదేశ ప్రధానమంత్రి యైరి. నిజామును ఎదిరించినవారందరు హిందూ విద్యార్థులే యనుకొనుట పొరపాటు. 1936లో ఉస్మానియాలో ఎమ్.ఏ. పట్టము పొందిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవియు, కమ్యూనిస్టు నాయకుడును. ప్రభువు భాషలో ప్రభుత్వమునే ధిక్కరించిన ఆయన ఈ విశ్వవిద్యాలయపు నిజమైన ఫలములలో ఒకడు.

1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యతో నిజాము పాలన అంతమైనది. పిదప బోధనాభాషగా ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చినది. తొలి చిహ్నమునందలి నిజాము కిరీటము పోయినది. చీకటినుండి వెలుగునకు నడుపుమను ఉపనిషద్వాక్యము చేరినది. కాని నడుమ ‘ఉస్మానియా’ పేరునకు మొదటిదైన ‘ఐన్’ అను ఉర్దూ అక్షరము నిలిచినది. చిహ్నమునందు పాతదానిలో కొంత తీసి, కొంత ఉంచి, కొంత క్రొత్తది చేర్చిరి. పేరును మాత్రము ముట్టలేదు.

ఈ మార్పునకు ఒక మూల్యము కలదు. దానిని దాచుట చరిత్రకారునకు తగదు. పోలీసుచర్య తరువాత రాజ్యమునందలి ముస్లిములపై జరిగిన హింసను విచారించిన సుందరలాల్ సంఘము మృతుల సంఖ్య తక్కువ అంచనాగా 27 వేలనుండి 40 వేల వరకు ఉండునని తెలిపినది. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. ఒక తరము శ్రమపడి నిర్మించిన ఉర్దూ శాస్త్రవాఙ్మయము ఒక్కసారిగా నిరుపయోగమైనది. ఉర్దూ తొలగినచోట తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చినది. జనగామ రైతుబిడ్డకు జరిగిన అన్యాయము తీరలేదు. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమను ఋజువు మాత్రము చెరిగిపోయినది. తెలుగున శాస్త్రబోధనకై పరితపించు మన శాఖలవారు ఆ అనువాదశాఖ అనుభవమును నేటికిని తగినంతగా పరిశీలింపకుండుట శోచనీయము.

ప్రవేశమను మూడవ అంతరువున జరిగిన మార్పు మెల్లనిది, కాని లోతైనది. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయము డాక్టరు భీమరావు అంబేద్కరునకు గౌరవ డాక్టరేటు సమర్పించినది. అప్పటికి మాజీ నిజాము హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడుగా ఉండెను. 1956 వరకు ఆ పదవియందుండెను. ప్రభువు పేరుగల సంస్థ, అస్పృశ్యతను ధిక్కరించిన మహనీయుని గౌరవించుట ఒక క్రొత్త వంశావళిని స్వీకరించుట వంటిది. పిదప రిజర్వేషనుల వలన దళిత, గిరిజన, వెనుకబడిన కులముల బిడ్డలు, తమ ఇంట మొదట చదువుకొన్నవారు, ఈ ఆవరణను నింపిరి. 1969లోను, మరల 2009లోను తెలంగాణోద్యమమునకు ఆర్ట్సు కళాశాల మెట్లే వేదికలైనవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడినది. పేరు ప్రభువుదే, కాని ఆ పేరు పలుకగానే జనులకు జ్ఞాపకము వచ్చువారు విద్యార్థులు. ‘ఉస్మానియా’ శబ్దమునకు అర్థమును మార్చినది ఏ చట్టమును కాదు, ఆ మెట్లపై కూర్చున్న బిడ్డలు.

ఇంతటితో సమస్య తీరినదనుటకు వీలులేదు. 2012 ఏప్రిలులో దళిత విద్యార్థులు తమ ఆహారమైన గొడ్డుమాంసముతో పండుగ చేయగా ఆవరణలో ఘర్షణ రేగి ఒక విద్యార్థి కత్తిపోటుకు గురియయ్యెను. లోపలికి రానిచ్చుట వేరు, వచ్చినవాని విస్తరిని గౌరవించుట వేరు. మిసిసిపీలో 1962 తరువాత మిగిలిన ప్రశ్న ఏదియో ఇచ్చటను అదియే మిగిలినది.

ఇక మన వాల్తేరు మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయల విరాళమును ఏర్పరచిన జయపురము మహారాజు విక్రమదేవవర్మ తెలుగు, ఒరియా భాషలు రెండింటను కవి. ఆయన ఔదార్యము కొనియాడదగినది. శాస్త్రకళాశాలకు ఆయన పేరు పెట్టిరి. మరియొక కళాశాలకు మద్రాసు గవర్నరు ఎర్‌స్కిన్ పేరు పెట్టిరి. జయపురము కొండలలోను, చోడవరము దాటి మాడుగుల ఎక్కిన పిదప కనబడు మన్యమునందును ‘గోతి’ యను ఋణదాస్యము ఉండెను. అప్పుపడిన గిరిజనుడు తానును, ఒక్కొక్కప్పుడు తన కొడుకును షావుకారు ఇంట కట్టుబడి పనిచేయవలసివచ్చెడిది. దానిని మాన్పుటకు మద్రాసు ప్రభుత్వము 1940లో ప్రత్యేకశాసనము చేయవలసివచ్చినది. సంస్థానపు ఆదాయము ఆ కొండరైతుల సేద్యముపైనను, ఆ అడవులపైనను ఆధారపడియుండెను. ప్రజల పేరు పెట్టుకొన్నంతమాత్రమున మన పరిషత్తు ఆ ఋణమునుండి విముక్తము కాజాలదు. ప్రభువు పేరు మోసిన ఉస్మానియా తన ప్రశ్నను దాచుకొనలేకపోయినది. ప్రజల పేరు మోసిన మనకు ఆ ప్రశ్న కనబడకపోవుటకే అవకాశము హెచ్చు.

పేరులను చెరుపవలెనని మేము చెప్పుట లేదు. చెరిపిన పేరుతో దాని వెనుకనున్న నేరమును, మేలును రెండును మరుగుపడును. దాత పేరు చెక్కిన రాయి ప్రక్కనే ఆ దానమునకు మూలమైన శ్రమను తెలుపు మరియొక రాయి ఉండవలెను. ప్రభువు పేరుగల ద్వారముపై ఆ ద్వారమునుండి వెళ్లగొట్టబడిన 1938 నాటి విద్యార్థుల స్మృతియు ఉండవలెను. అంతకుముందు పరిశోధకులు చేయవలసిన పని చాల కలదు. పాత ప్రవేశపట్టికలలో ఏ కులమువారు, ఏ తాలూకాలవారు ఎప్పుడు కనబడిరో లెక్కింపవలెను. సంస్థానముల జమాఖర్చు లెక్కలను విరాళముల లెక్కలతో సరిచూడవలెను. ఆర్ట్సు కళాశాల రాళ్లు మోసిన వడ్డెరల, కూలీల కుటుంబములలో మిగిలిన మాటలను పెద్దలు జీవించియుండగనే సేకరింపవలెను. మన్యమున గోతిని గూర్చి నిలిచిన పాటలను, సామెతలను తెలుగు శాఖ విద్యార్థులు వ్రాసికొనుట ఈ చరిత్రలో భాగమే. ఈ పనులు జరిగిననాడు ఉస్మానియా, ఆంధ్ర అను రెండు నామములును తమ పూర్ణమైన అర్థముతో నిలువగలవు.