వైప్పారు వరద, రేగడి వసంతము

విళాత్తికుళమునకు క్రొత్తగా వచ్చినవారు వేసవిలో వైప్పారు వంతెనపై నిలిచి చూచినచో, ఏరుండవలసిన చోట ఇసుకయు సర్కారు తుమ్మ పొదలును కనబడును. ఏడాదిలో ఈ యేరు నిండుగా పారు దినములు బహు కొద్ది. అట్టి యేటి వరదను గూర్చి వ్యాసమేల యని ఎవరైన నవ్వవచ్చును. కాని ఈ సీమలోని తెలుగు కాపు కుటుంబమునకు మాఘము మొదలు చైత్రము వరకు ఎంత పని యుండునో, ఆ పనికెంత ఫలము దక్కునో తేల్చునది ఆ కొద్ది దినముల నీరే.

వైప్పారు పడమటి కనుమలలో పుట్టి, సాత్తూరు మీదుగా తూర్పునకు సాగి, ఇరుక్కన్‌కుడి మారియమ్మ కోవెల చెంత అర్జునా నదిని కలుపుకొని, విళాత్తికుళము దాటి మన్నారు సింధుశాఖలో పడును. నైరృతి వానలను కనుమలే అడ్డగించుటచేత ఈ భూములకు దిక్కు ఈశాన్యపు వానలు. అవి ఆశ్వయుజములో మొదలై మార్గశిరముతో ముగియును. కోవిల్‌పట్టి ప్రాంతమున ఏడాది వాన అంతయు సుమారు 70 సెంటీమీటర్లు మాత్రమే.

తెలుగువారీ నేలకు వచ్చుట విజయనగర, మదురై నాయక రాజుల కాలపు మాట. పదునారవ శతాబ్దమున విశ్వనాథ నాయకుని యేలుబడిలో 72 పాళెములు ఏర్పడినవని ప్రతీతి. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి పాళెగాండ్రు తెలుగు కంబళమువారు. వారుగాక కమ్మవారును, రెడ్లును రేగడి భూములు వెదకికొని ఊళ్లు కట్టుకొనిరి. తమిళులు కరిసల్ అని పిలుచు నేల మనవారికి రేగడియే గనుక, దాని గుణము వారికి క్రొత్త కాదు.

ఆ వలసను గూర్చి కంబళమువారు చెప్పుకొను కథ యొకటి కలదు. తమ పిల్లను బలిమిని పెండ్లాడగోరిన తురక ప్రభువునకు వెఱచి పారిపోవుచుండగా, పొంగి పారుచున్న యేరు అడ్డు తగిలెనట. అంతట ఇరు గట్టులనున్న కానుగచెట్లు వంగి వంతెనయై వారిని దాటించి, తరుముకొని వచ్చువారికి అందకుండ మరల నిటారుగా నిలిచెనట. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథమున ఈ కథ యున్నది. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమందు పుట్టి తమిళమున గొప్ప రచయితయైన కి. రాజనారాయణన్, 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ నవలకు ఇట్టి వలసనే వస్తువుగా గైకొనెను. దీనిని చరిత్రయని నమ్మనక్కరలేదు. నాకు వింతగా తోచునది మరియొకటి: ఇందులో వరద మొదట అడ్డు, దాటిన పిమ్మట కాపు. రేగడి సేద్యమునను దాని నడవడి యట్టిదే.

తడిసిన రేగడి ఉబ్బి బంకయగును. ఎండినప్పుడు నిలువెల్ల నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలగుండ దిగిన వాననీరు లోతున నిలువయుండును. కనుక వానకు ముందుగానే, పొడిదుక్కిలో, గొఱ్ఱుతో పత్తియు జొన్నయు విత్తుట ఇచట వాడుక. చెఱువులు నిండి, ఏరు పారి, నీరు నిలువక తీసిపోయినచో ఆ యేడు సంక్రాంతి వెళ్లిన తరువాత చుక్క వాన లేకున్నను పైరు బ్రతుకును. వేళ్లు తగ్గుచున్న పదునును వెంబడించి క్రిందికి దిగును. 1901లో కోవిల్‌పట్టిలో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా కేంద్రము శ్రమించినదంతయు ఈ పదును చుట్టే యనవచ్చును.

ఇక ఆ నీటి ఫలము ఇంటికి చేరు కాలము చూడవలెను. మాఘము నుండి ఆ యింట తెల్లవారకముందే పొయ్యి రాజుకొనును. ఎండ ముదిరినచో పత్తికాయ మీది యెండుటాకులు పొడియై దూదికి అంటుకొనును గనుక, ఆడువారు మంచు తడి ఆరీయారకముందే ఏరబోవుదురు. మిరపకోత ఒకనాటితో తీరునది కాదు. పండిన కొలది మరల మరల కోయవలెను. కోసిన పండ్లను వెంటనే ఎండబోయరు. ఒకటి రెండు దినములు నీడను కుప్పవేసినగాని ఎఱుపు సమముగా రాదు. పిమ్మట కల్లమున పలుచగా పఱచి, తిరుగవేయుచు, ప్రొద్దు గూకగనే కుప్పచేసి కప్పవలెను. ఆ పది దినములలో ఒక జల్లు పడినదా, కాయ తెల్లబారి తాలగును. ముసలమ్మలు గోనెపట్ట మీద కూర్చుండి తాలుకాయలు ఏరుచుందురు. ఘాటుకు ఇంటిల్లిపాదియు తుమ్ముచుందురు. ధనియాలు నూర్చుటయు ఆ దినములలోనే. ఉగాదికి ఇల్లు అలుకుటకైన తీరిక దొరకదు. మూటలు విరుదునగరు అంగళ్లకు చేరి లెక్క తేలిన నాడే ఇంట పెండ్లిమాట ఎత్తుదురు.

వరద వేళ తప్పినను, మితి మీరినను ఈ సందడి అంతయు తలక్రిందులగును. ఎట్టయపురమునకు పోవుచు ముత్తుస్వామి దీక్షితులు అమృతవర్షిణి రాగమున కీర్తన పాడి ఎండిన నేలపై వాన కురిపించెననియు, అది వెల్లువ కాగా నిలుపుమని మరల వేడుకొనవలసి వచ్చెననియు ఈ ప్రాంతమున చెప్పుదురు. ఆయన 1835లో ఎట్టయపురముననే సిద్ధి పొందెను. కథ నిజమో కాదో గాని, కల్పించినవాడు మాత్రము రేగడి రైతును ఎఱిగినవాడు.

2023 డిసెంబరు 17, 18 తేదీలలో నిలుపుమన్నను వాన నిలువలేదు. కాయల్‌పట్టణమున ఒక్క దినములో 95 సెంటీమీటర్లు కురిసెను. ఈ జిల్లా తాలూకాలన్నియు ఆ వాన వాత పడినవి. తామ్రపర్ణి వరదను, శ్రీవైకుంఠము స్టేషనులో చిక్కిన రైలు ప్రయాణికులను లోకమెల్ల చూచినది. మెట్టసీమ రేగడిలో మునిగిన మినుము, పెసర, మొక్కజొన్నలను చూచినవారు తక్కువ. ఇసుక నేల రెండు దినములలో ఆరును, రేగడి ఆరదు. వేళ్లకు గాలి అందక నిలుచున్న పైరు నిలుచున్నట్లే పండుబారి కుళ్లును. అరక దిగదు, మనిషి కాలు దిగినచో రాదు. ఆ మార్గశిరమున నీరు నిలిచిన చేలకు మాఘ ఫాల్గుణములలో ఏరుటకు పత్తి యెక్కడిది?

సర్కారు తుమ్మను ఇచట మఱువరాదు. కఱవు సీమకు వంటచెఱకని తెచ్చినది. కాలువలలో, చెఱువు గర్భములలో అల్లుకొని నీటి దారిని మూసినది. 2017లో మదరాసు ఉన్నత న్యాయస్థానపు మదురై ధర్మాసనము దీనిని పెఱికివేయుమని ఆదేశించెను. కాని పంట పోయిన యేడు దానినే కొట్టి, బొగ్గు కాల్చి, అమ్ముకొని బ్రతికిన కుటుంబములు విళాత్తికుళము చుట్టు నెన్నియో కలవు. శత్రువనుటకు నోరాడదు.

మిరపమూటలు బండి యెక్కిన పిదప ఇంటి మగవారికి ఇంకొక పని మిగిలియుండును. వైశాఖపు టెండలో పార పట్టి, చేని గట్టు వెంబడి పూడిన కోడును త్రవ్వి, దాని వాలును పల్లపు చెఱువు వైపునకు సరిచేయుదురు. అప్పటికి ఏటిలో ఇసుక తప్ప మఱేమియు ఉండదు.